పాచి కడిగిన రోజు

మా ఇంటి గోడకు పాచి పట్టింది. వంటింటి కిటికీ కింద మొదలై, మూల తిరిగి, వెనక మెట్ల దాకా పాకింది. ఇంటి అందం మీద నాకేమీ మోజు లేదు. నా భయమంతా మా ఆయన గురించే.

మూడేళ్ల క్రితం ఆయన చూపు పోయింది. అప్పటి నుంచి రోజూ సాయంత్రం గోడకు అరచెయ్యి ఆనించి, ముందు గుమ్మం నుంచి వెనక మెట్ల దాకా ఒక్కరే నడుస్తారు. నేను చెయ్యి అందిస్తే విదిలించేస్తారు. "ఈ ఒక్క పనైనా నన్ను సొంతంగా చేసుకోనివ్వవే!" అంటారు. మొండితనంలో ఇద్దరం ఇద్దరమే. కానీ గోడ వారన బాట కూడా పాచితో జారుడుబల్ల అయింది. ఆయన కాలు జారితే ఏం గతి అని నాకు తిండి సయించడం మానేసింది.

"నీళ్లు జోరుగా కొట్టే మెషీన్ తెస్తానక్కా, గంటలో అద్దంలా చేసేస్తా" అన్నాడు మా తమ్ముడు. పక్కింటావిడ యాసిడ్ పొయ్యమంది. ఇద్దరికీ ఓ దణ్ణం పెట్టి, గోడలు కడగడంలో తల పండిన పెద్దాయన్ని పిలిపించాను. ఆయన గోడను వేలి కణుపుతో కొట్టి, చెవి ఆనించి, చాలాసేపు విన్నాడు.

"పాత సున్నపు పూతమ్మా. మెషీన్ పెట్టారనుకోండి, పాచితో పాటు పూతా ఊడొస్తుంది. యాసిడ్ అయితే సున్నాన్నే తినేస్తుంది. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే."

"మరెలా?"

"మెత్తటి బ్రష్షు, కాస్త సబ్బు నీళ్లు, బోలెడు ఓపిక. ముందు ఓ మూల జానెడు కడిగి చూద్దాం. గోడకి నచ్చితేనే మిగతాది."

గోడకి నచ్చింది. మర్నాడు, సబ్బు నీళ్లలో జారతారేమోనని మా ఆయన్ని తమ్ముడింటికి పంపించాను. తిరిగొచ్చాక ఆశ్చర్యపోవాలని సంగతి చెప్పలేదు.

పొద్దున్నే, పొగమంచు ఇంకా విడవకముందే పని మొదలైంది. పెద్దాయన మొక్కల మొదళ్లు తడిపి, పైన తడిగుడ్డలు కప్పాడు. చారలు పడకుండా కింద నుంచి పైకి సబ్బు నీళ్లు రాశాడు. కాసేపు నాననిచ్చి, తోమి, పైనుంచి సన్నటి ధారతో కడిగాడు. నేను స్టూలు వేసుకుని చూస్తూ కూర్చున్నాను. నురుగు దిగుతోంది, ఆగుతోంది, మళ్లీ దిగుతోంది. దాని వెనక నుంచి గోడ తేలి వస్తోంది, నేను కొత్త కోడలిగా వచ్చిన నాటి లేత పసుపు రంగులో. కునుకు పట్టిందో ఏమో, ఇల్లు నేల విడిచి మంచులో మెల్లగా ఊగుతోంది. కిటికీలోంచి చూపున్న మా ఆయన నన్నే చూసి నవ్వుతున్నారు. ఆ నవ్వు చూసి ఎన్నాళ్లయిందో! లేచి వెళ్దామంటే కాళ్లు కదలవు, కదలాలనీ లేదు.

"కాస్త జరగండమ్మా, తడుస్తారు" అని పెద్దాయన అనేదాకా నేను ఈ లోకంలో లేను.

బాట కూడా తోమించాను. సాయంత్రానికి ఆరింది. పాదంతో రుద్ది చూశాను, జారలేదు. గోడ నుంచి ఒక్క పెచ్చు రాలలేదు, ఒక్క ఆకు వాడలేదు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆయన వచ్చారు. రోజూలాగే గోడకు చెయ్యి ఆనించి బయలుదేరారు. నేను చప్పుడు చేయకుండా వెనకే నడిచాను. కిటికీ దగ్గరకు రాబోతూ ఆగిపోయారు. అరచెయ్యి గోడ మీద పైకీ కిందికీ వెతికింది.

"ఇక్కడ మెత్తగా ఉండాలి కదే" అన్నారు. "మెత్తగా తగిలితే కిటికీ. ఆ తర్వాత చల్లగా, తడిగా తగిలితే మూల. అక్కణ్ణుంచి ఏడడుగులకి మెట్లు." మళ్లీ ఓసారి గోడ తడిమి, "కడిగించేశావా?" అన్నారు.

పూతకు ఏది మంచిదో అడిగాను. మొక్కలకు ఏది మంచిదో అడిగాను. రోజూ ఆ గోడ పట్టుకుని నడిచే మనిషిని మాత్రం ఒక్క మాట అడగలేదు.

"వానలొస్తే మళ్లీ పడుతుందిలెండి..."

"పడుతుందిలే" అన్నారు. ఆ గొంతులో కోపం లేదు. నాలుగు తిట్టినా బాగుండేది.

మరో అడుగు వేయబోయి మానేశారు. గోడ మీంచి చెయ్యి తీసి, నేనెక్కడున్నానో తెలియక, గాల్లోకి చాచారు.

ఆ చెయ్యి కోసం మూడేళ్లు ఎదురుచూశాను. ఇలా అందుకోవాలని మాత్రం కాదు. పట్టుకున్నాను. నా ఏడుపు ఆయనకు వినపడకుండా పళ్లు బిగించి, మెట్ల దాకా నడిపించాను.