గుమ్మడి తీగ పాకే చోటు

నేలచెక్క కావాలని నేను అర్జీ పెట్టింది కూరగాయల కోసం కాదు, ఒక్క కుర్చీ వేసుకోవడం కోసం. ఈ మాట ఎవరికీ చెప్పలేదు. చెబితే ఇంట్లో కుర్చీలు లేవా అంటారు. ఎందుకు లేవు? నా కుట్టుమిషను ముందు ఒకటుంది. ఆ మిషను వంటగదికీ స్నానాలగదికీ మధ్య నడవాలో ఉంటుంది. అత్తయ్య, మా ఆయన, మరిది, ఇద్దరు పిల్లలు, ఎవరు అటు నుంచి ఇటు వెళ్లాలన్నా నేను కుర్చీ ముందుకు లాక్కుని పొట్ట మిషనుకి ఆనించాలి. ఆ ఇంటికి నేను కోడలిగా వచ్చానో తలుపుగా వచ్చానో ఇప్పటికీ అర్థం కాదు.

నీళ్ల ట్యాంకు వెనక చెత్త పోసే జాగాని చదును చేసి, ఫ్లాట్లలో ఉండేవాళ్లకి చెక్కలుగా ఇచ్చారు. మాకొచ్చింది మా ముందుగది అంత ఉంటుంది. షరతు ఒక్కటే. ఎక్కడా ఖాళీ నేల కనిపించకూడదు. కనిపిస్తే ఆ చెక్కల అజమాయిషీ చూసే మేస్త్రీ వచ్చి, వరుసలో ఉన్న తరవాతివాళ్లకి రాసిచ్చేస్తాడు.

పలుగు వేసిన చోటల్లా పెంకులు, పాలిథిన్ సంచులు, ఒక చెప్పు. రెండోది కూడా దొరికితే సైజు చూస్తానన్నారు మా ఆయన. జోకులేసినంత సేపూ తవ్వారు, తరవాత నడుం పట్టేసింది. మట్టి జల్లించి ఎరువు కలిపింది నేనే.

నేల మెత్తబడ్డ కబురు ఇంట్లో తెలియగానే పంపకాలు మొదలయ్యాయి. అడగందే అమ్మయినా పెట్టదంటారు కదా, మావాళ్లు అడగడంలో వెనకబడలేదు. అత్తయ్యకి చిక్కుడు, మా ఆయనకి వంకాయ, మరిదికి మిరప, పిల్లలకి టమాటా. అన్నీ వరుసలు తీసి నాటాను. నీకేం కావాలని ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే ఏమీ వద్దని చెప్పేదాన్ని, ఆ ఏమీ లేని చోటే కావాలి నాకు.

దానికో ఉపాయం దొరికింది. మా ఇంట్లో గుమ్మడికాయ ఎవరూ తినరు. చివరి మూలన గొయ్యి తీసి నాలుగు గింజలు పెట్టాను. ఒకటి మొలిచింది. మేస్త్రీ వచ్చి చేతికర్రతో దాని పక్క ఖాళీని చూపించి, ఇదేంటమ్మా ఇంత నేల వదిలేశారు అన్నాడు.

"గుమ్మడండీ. పాకడానికి చోటుండాలి కదా."

అతను సరే పాకనివ్వండి అని వెళ్లిపోయాడు. మర్నాడే ఇంట్లోంచి మడత కుర్చీ తెచ్చుకుని వేసుకున్నాను. ఏమీ చెయ్యలేదు. ఊరికే కూర్చున్నాను. ఎవరి మోకాలూ వీపుకి తగల్లేదు. సంతోషంతో ఏడుపొచ్చింది, సిగ్గు లేకుండా ఏడ్చాను. ఆ తరవాత మధ్యాహ్నం అందరి భోజనాలూ అయ్యాక, కుట్టుపని పక్కన పెట్టి రోజూ వెళ్లేదాన్ని.

వానలు పడ్డాక గుమ్మడి నా మాట నిజం చెయ్యడం మొదలుపెట్టింది. తెల్లారేసరికి జానెడు ముందుకొచ్చేది. కొనని దారి వైపు తిప్పితే మళ్లీ కుర్చీ వైపే తిరిగేది. ఒకరోజు విసుగొచ్చి నా కత్తెరతో కొన కత్తిరించేశాను. గుడ్డ కత్తిరించే చెయ్యి కదా, కత్తిరించిన చోట ఆగిపోతుందనుకున్నాను. కొద్దిరోజులకే ఆ తెగిన కొన వెనక నుంచి నాలుగు తీగలు లేచాయి, నాలుగూ నా కుర్చీ మీదికే.

పక్క చెక్క నర్సమ్మ చూసి పొట్ట పట్టుకుని నవ్వింది. కాపు ఎక్కువ రావాలనుకున్నవాళ్లే అలా కొనలు గిల్లుతారట.

పాదు మొదలు పట్టుకుని పీకేద్దామని వంగాను. పీకితే నేల ఖాళీ అవుతుంది, మేస్త్రీ చెక్కే లాక్కుంటాడు. మరేదైనా నాటితే కుర్చీకి చోటు ఆ రోజే పోతుంది. ఉంచితే నాలుగు రోజుల్లో పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మొదలు వదిలేసి, తీగల మధ్య ఇరుకులో మళ్లీ కూర్చున్నాను. మా నడవాలో ఉన్నంత చోటు కూడా మిగల్లేదు.

అలా కూర్చుని ఉండగా అత్తయ్య చిక్కుళ్లు కోసుకోవడానికి వచ్చింది. గుమ్మడి ఆకులెత్తి చూసింది. పిందెలు మూడు కనిపించాయి. నన్ను చూసింది, మళ్లీ పిందెల్ని చూసింది. అంతవరకూ ఆవిడ కళ్లల్లో నీళ్లు నేనెప్పుడూ చూడలేదు.

"రోజూ వచ్చి దీని పక్కనే కూర్చుంటున్నావటగా, నర్సమ్మ చెప్పింది. నీకు గుమ్మడికాయంటే ఇంత ఇష్టమని ఇన్నేళ్లలో ఒక్కసారైనా నోరు విప్పావుటే? మేం తినమని మానుకున్నావు కదూ?"

కాదని చెప్పాలని నోరు తెరిచాను. అయితే మరెందుకు వస్తున్నావని అడుగుతుంది. మీరెవరూ లేని చోటు కోసమని, ఆ తడి కళ్లలోకి చూస్తూ ఎలా చెప్పను? ఊఁ అన్నాను.

"ఇది నీది. ఇంట్లో ఎవర్నీ దీని మీద చెయ్యి వెయ్యనివ్వను. లే, ముందు ఆ కుర్చీ తియ్యి. తీగకి అడ్డం."

నేను లేచాను. అత్తయ్యే కుర్చీ మడిచి, కాళ్లకి చుట్టుకున్న నులితీగల్ని తెగకుండా ఒక్కొక్కటే విప్పింది. దాన్ని చంకన పెట్టుకుని ఇంటి వైపు నడవబోయింది. పెద్దావిడ, మోకాళ్ల నొప్పులు.

"ఇలా ఇవ్వండత్తయ్యా, నేను మోస్తాను" అన్నాను.