నియాన్ ట్యూబుకి కొబ్బరినూనె

అమలాపురంలో మా ఎమ్మెస్సీ ఫిజిక్స్ ఆఖరి ప్రాక్టికల్‌లో నాకు నియాన్ ట్యూబు వచ్చింది. జానెడు గాజు గొట్టం, లోపల కాస్త నియాన్ వాయువు. ఒక చివర నుంచి ఎలక్ట్రాన్లను తరుముతాం. వోల్టేజి పెంచేకొద్దీ అవి జోరందుకుంటాయి, అవతలి చివర కరెంటు పెరుగుతుంది. ఒక హద్దు దాటేసరికి దారిలో నియాన్ పరమాణువును గుద్ది, ఉన్న శక్తంతా దానికి ధారపోసి చతికిలబడతాయి. కరెంటు పడిపోతుంది. ఇంకా పెంచితే మళ్లీ లేస్తుంది, మళ్లీ పడుతుంది. గ్రాఫు గుట్టలు గుట్టలుగా రావాలి. గుట్టకీ గుట్టకీ మధ్య దూరాన్ని బట్టి పరమాణువు ఎంత శక్తి పుచ్చుకుందో తెలుస్తుంది.

నాకు గుట్ట కాదు కదా, చీమల పుట్ట కూడా రాలేదు. ఎన్నిసార్లు చేసినా కరెంటు తిన్నగా ఎక్కుకుంటూ పోయింది. ఈ పరీక్ష తప్పితే హైదరాబాదులో వచ్చిన రీసెర్చి సీటు పోతుంది.

పొద్దున్న ఇదే ట్యూబు మీద పరీక్ష ముగించిన హేమంత్ పక్క బల్ల దగ్గర వైవా కోసం కూర్చున్నాడు.

"రాసెయ్ మెర్సీ. పద్దెనిమిదిన్నర వోల్టులకోసారి గీత దింపేయ్. సీనియర్లందరూ అలాగే దింపేరు" అన్నాడు గుసగుసగా.

నాలో నిజాయితీ కంటే మొండితనం పాలు ఎక్కువ. వీడు చెబితే నేను రాయడమేమిటని, కనబడిన గీతే గీసి ఇచ్చాను.

ఎగ్జామినర్ బయటి నుంచి వచ్చిన పెద్దాయన. "ఇదేంటమ్మా, గోడకి నిచ్చెన వేసినట్టుంది?" అన్నారు.

"అంతే వచ్చిందండి."

"కనెక్షన్లు నువ్వే ఇచ్చావా?"

"ఆయ్, నేనేనండి."

ఆయన ఎర్ర పెన్ను మూత తీశారు.

అప్పుడు మూల కుర్చీలోంచి లేచారు మా డిపార్టుమెంటు హెడ్డు సూర్యకుమారి మేడమ్. ఆవిడది తప్పు అనే ధైర్యం మా ప్రిన్సిపాలుకే లేదు. నేరుగా వచ్చి స్విచ్చి ఆపి, ట్యూబును సాకెట్లోంచి తీసి, పిన్నులు వేలితో రుద్ది వాసన చూశారు. ముఖం మాడిపోయింది.

"ఆగండి సార్. అమ్మాయి కొలత సరైనదేనండి. తుప్పు పడతాయని నిన్న ఈ పిన్నులకి కొబ్బరినూనె రాసేను. తప్పు నాదండి."

తలుపు గొళ్లెం నుంచి కుట్టుమిషను దాకా మా కోనసీమలో అన్నిటికీ అదే మందు. సముద్రపు గాలి అలాంటిది మరి. కానీ ఇక్కడ మేం కొలిచేది ఆంపియరులో నూరు కోట్లవ వంతు. నూనెకి పట్టిన ఉప్పుతేమ మీదుగా అంతకంటే ఎక్కువ కరెంటే కారిపోతోంది. గుట్టలు అందులో మునిగిపోయాయి.

స్పిరిటుతో తుడిచి, ఆరబెట్టి, ఆయన ఎదుటే మళ్లీ మొదలుపెట్టాను. కరెంటు పెరిగింది, పెరిగింది, పడింది. గొట్టంలో పలచగా నారింజరంగు వెలుగు పొర కనబడింది. నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

ఎగ్జామినర్ నాకు మార్కులు వేసి, హేమంత్ కాగితం అందుకున్నారు. "ఈ నూనె ట్యూబు మీదే నీకింత అందమైన గుట్టలెలా వచ్చాయి బాబూ?"

"పొద్దున్న కొంచెం ఎండగా ఉందండి" అన్నాడు వాడు.

అందరూ వెళ్లాక మేడమ్ దగ్గర నిలబడ్డాను. "మీరు చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు కదండి."

"నీకూ తెలిసేది కాదు. నా చేతిలోనే ఏదో లోపం ఉందనుకుంటా జన్మంతా తిరిగేదానివి. పో, బస్సు పోతాది."

ఆదివారం చర్చిలో, పరీక్ష గట్టెక్కినందుకు సాక్ష్యం చెప్పమని మా అమ్మ మార్తమ్మ నన్ను లేపింది. దేవుడికి వందనాలు చెప్పి, సూర్యకుమారి గారి కోసం ప్రార్థన చేయమని అడిగాను.

"ఏ సంఘమమ్మా ఆవిడ?" అన్నారు పాస్టరుగారు.

"శనివారాలు వాడపల్లి వెంకన్న గుడికి వెళ్తారండి."

చర్చిలో తలలన్నీ నా వైపు తిరిగాయి. అందరికంటే ముందు అమ్మే గట్టిగా ఆమెన్ అంది.