సున్నకు చోటులేని పట్టీ

ఆ రేవు ఊళ్లో సముద్రపు మంచును కొలిచే ఆఫీసు ఒకటి ఉంది. అందులో పనిచేసే ఆమెకు అమ్మానాన్నలు పెట్టిన పేరు ఎవరికీ గుర్తులేదు. పెద్దాచిన్నా అందరికీ ఆమె కొలతలమ్మ. పెద్ద చదువే చదివింది గానీ ఆ చదువు తలకెక్కి కూర్చోలేదు, చేతుల్లోకి దిగింది. పంతొమ్మిదేళ్లుగా ప్రతి చలికాలమూ, అఖాతం నడుమ అదే చోట, మంచుకు బెజ్జం వేసి, కొక్కెం ఉన్న కొలబద్ద దింపి, మందమెంతో చూసి రాసేది. తన చేత్తో కొలవని అంకె ఒక్కటంటే ఒక్కటి రాసి ఎరగదు. నిరుడు ఎనభైనాలుగు సెంటీమీటర్లు.

ఈ ఏడు వెళ్లి చూస్తే అక్కడ మంచు లేదు. పలచబడిందని కాదు, అసలే లేదు. నీళ్లు ఏమీ ఎరగనట్టు ఊగుతున్నాయి. పడవ నడిపే తాత, అడుగున ఎక్కడైనా దాక్కుందేమోనని తెడ్డు పెట్టి కలియబెట్టాడు.

"ఇక్కడేనా తల్లీ?"

"ఇక్కడే తాతా. పంతొమ్మిదేళ్లుగా ఇక్కడే వేస్తున్నా బెజ్జం."

"అయితే ఈసారి పెద్దదే వేశావు."

ఆఫీసుకు తిరిగొచ్చి, కంప్యూటరులో పట్టీ తెరిచి, మందం గడిలో సున్న కొట్టింది. గడి ఎర్రబడింది. ఒకటి నుంచి మూడు వందల లోపు అంకె వేయమంది. పట్టీ తయారుచేసిన మహానుభావుడికి, ఆ సముద్రం చలికాలంలో మంచు లేకుండా ఉంటుందన్న ఊహే వచ్చినట్టు లేదు పాపం. పోనీ ఖాళీగా వదిలేద్దామంటే, సాయంత్రం ఐదింటికి యంత్రమే నిరుటి అంకెను తెచ్చి నింపేస్తుంది.

కాయితంలో మంచుంటే ఎవరి సొమ్మేం పోయింది అనుకోవడానికి లేదు. చలికాలంలో గడ్డకట్టిన అఖాతం మీదుగా లారీలు పోయే మంచుదారి గేటు ఆ అంకెను బట్టే తెరుచుకుంటుంది. ఎనభైనాలుగంటే నిండు లారీకి దారి. గేటున్న ఒడ్డు పక్కన మాత్రం మంచు పైపైన తెల్లగా పరుచుకుని నిక్షేపంలా కనిపిస్తుంది మరి. రేపు పొద్దున వరుసలో మొదటి లారీ కొలతలమ్మ తమ్ముడిది.

వాడికి ఫోను చేసింది. "ఒరేయ్, రేపు బండి తీయకు. నడుమ నీళ్లే ఉన్నాయి."

"గేటు తెరిస్తే?"

"తెరిచినా సరే."

"తెరిచాక కదలకపోతే నా వరుస పోతుందే అక్కా. అయినా నీళ్లుంటే గేటుకు తెలియదా?"

"దానికేం తెలుస్తుందిరా? నేను చెప్పాలి."

"మరి చెప్పు."

పుట్టిన దగ్గర్నుంచీ వాడంతే. తల్లి చెప్పినా వినడు, తండ్రి చెప్పినా వినడు, గోడకు అంటించిన కాయితం చెబితే చేతులు కట్టుకుని వింటాడు.

గేటు వాళ్లకు చేస్తే, పట్టీ ఎంతంటే మాకంతే అన్నారు. పెద్దాఫీసులో పట్టీలు చూసే ఆయనకు చేసింది.

"సున్న అంటే మీరు కొలవలేదనేగా అర్థం," అన్నాడాయన.

"కొలవడానికే వెళ్లానండీ. మంచు లేదు."

"బెజ్జం వేశారా?"

"నీళ్లకు బెజ్జం ఎలా వేస్తారండీ?"

"నేననేదీ అదే. బెజ్జం లేదు, కొలత లేదు. వదిలేయండి, యంత్రం చూసుకుంటుంది."

తాత గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. "ఒకటి కొట్టి పారేయి తల్లీ, పీడా పోతుంది."

"కొలవకుండానా?" అంది కొలతలమ్మ, చెయ్యి నరుక్కోమని తనతో అన్నట్టు చూసి. తర్వాత లేచి, మధ్యాహ్నం తిన్న పళ్లెం కడిగి, అందులో వేలి గోరెత్తున సముద్రపు నీళ్లు పోసి, ఆఫీసు ఫ్రీజరులో పెట్టింది. నాలుగు కాకముందే ఇద్దరూ మళ్లీ పడవెక్కారు.

అసలు చోటుకు వెళ్లి, పళ్లెమంత మంచును నీళ్లలోకి వదిలారు. బెజ్జం వేసే మనిషెత్తు ఇనుప బరమా పైకెత్తింది ఆవిడ. తాత చేపల వల గరిటెతో కింద నుంచి పట్టుకున్నాడు.

"కదలనివ్వకు తాతా."

"నేనేం చేయను, చెవులు కుట్టించుకునే పసిపిల్లలా మెలికలు తిరుగుతోంది."

బెజ్జం పడింది. కొక్కెం దింపింది. సరిగ్గా ఒక్క సెంటీమీటరు. రాసుకున్న కాయితం మీద సాక్షిగా తాత వేలిముద్ర వేశాడు.

ఐదింటికి పదకొండు నిమిషాలుందనగా ఒకటి కొట్టింది. కింద వివరాల గడిలో, ఈ మంచు మా ఫ్రీజరులో గట్టిపడినది, సముద్రానికి సొంత మంచు లేదు, అని దాపరికం లేకుండా రాసింది. ఆ గడిని చదివిన నరమానవుడు ఇంతవరకు లేడు. యంత్రం మాత్రం, నిరుటికంటే ఎనభైమూడు తగ్గింది, నిజమేనా అని అడిగింది. నిజమని నొక్కింది. అఖాతం గేటుకు తాళం పడింది.

పొద్దున్నే తమ్ముడు ఊగిపోతూ వచ్చాడు. "నా వరుస మట్టిలో కలిపావు కదే అక్కా."

"నేనేం చేశానురా? వద్దన్నది గేటు కదా."

గేటు మాటకు ఎదురులేదు గనుక, వాడు ఆమె ముందున్న టీ తాగేసి పోయాడు.

నాలుగు రోజులకు పెద్దాఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. అఖాతం నడుమ మిగిలిన ఏకైక మంచు గనుక దానికి పగటిపూట కాపలా పెట్టవలసిందని, దారి మూతపడి ఖాళీగా ఉన్న డ్రైవర్లలో వరుస ప్రకారం ఒకరిని తీసుకోవలసిందని. వరుసలో మొదటివాడు ఎవరో చెప్పాలా? కాయితం మీద పేరు చూసుకుని, మారుమాట లేకుండా పడవెక్కాడు.

ఇప్పుడు రోజూ నీళ్ల నడుమ లంగరు వేసుకుని, టోపీ చెవుల దాకా లాక్కుని, వట్టి నీళ్లకేసి చూస్తూ కూర్చుంటున్నాడు. కొలతలమ్మ గంటకోసారి కిటికీ దగ్గరికి వచ్చి, ఆ టోపీ నీళ్లకు పైనే ఉందో లేదో చూసి, మళ్లీ పనిలో పడుతుంది. మొన్న అటుగా వెళ్తూ తాత పడవ ఆపాడు.

"ఏరా, మంచెలా ఉంది?"

"నేను డ్యూటీలో చేరిన దగ్గర్నుంచీ," అన్నాడు తమ్ముడు గర్వంగా, "వీసమెత్తు తగ్గలేదు తాతా."