శుక్రవారం కిచకిచ

ఇంజనుకు వారాలు తెలుస్తాయా? తెలియవనే ఇన్నాళ్ళూ నమ్మాను. పదో తరగతికి ఫిజిక్స్ చెప్పేదాన్ని, నమ్మక ఏం చేస్తాను? కానీ దసరా సెలవులయ్యాక నా కారు శుక్రవారం శుక్రవారం కిచకిచలాడడం మొదలుపెట్టింది. తాళం తిప్పగానే బానెట్ కింద పిచ్చుకలు గూడు పెట్టినట్టు ఒకటే గోల. శనివారం కాస్త తగ్గేది. గురువారం నాటికి చెవి ఒగ్గి వింటే తప్ప వినపడేది కాదు. హమ్మయ్య అనుకునేలోగా మళ్ళీ శుక్రవారం వచ్చేది.

ఏలూరులో మా ఇంటి నుంచి కలిదిండిలో మా స్కూలుకి కొల్లేరు మీదుగా వెళ్ళాలి. ఏళ్ళ తరబడి బస్సులో నిలబడి వెళ్ళాను. యాభై దాటాక పంతం పట్టి డ్రైవింగ్ నేర్చుకుని, ఒక పాత కారు కొనుక్కున్నాను. సాయంత్రం తిరిగొస్తూ గట్టు పక్కన కారాపి గూడబాతుల్ని చూస్తూ కూర్చుంటాను. రోజు మొత్తంలో నన్నెవరూ ఏమీ అడగని సమయం అదొక్కటే. దాన్ని ఎవరికీ వదులుకోదల్చుకోలేదు.

మా ఆయన కామేశ్వరరావు గారు ఆఫీసు ఉద్యోగం చేసి రిటైరయ్యారు. డ్రైవింగ్ రాదు గానీ కారు మీద అభిప్రాయాలకు మాత్రం లోటు లేదు. ఒకరోజు "క్లచ్ మీద కాలేసి ఉంచుతావు, అందుకే" అనేవారు. మర్నాడు "ఎలక దూరుంటుంది" అనేవారు. మొన్న శనివారం సాయంత్రం ఏకంగా తీర్పే చెప్పేశారు.

"ఇటు చెరువులు, అటు చెరువులు. మధ్యలో బండి ఆగిపోతే పలకరించే నాథుడుండడు. రేపటికల్లా ఆ చప్పుడు పోకపోతే సోమవారం నుంచి బస్సే సుబ్బలక్ష్మీ. తాళం బీరువాలో పెట్టేస్తాను."

నాకు ఒళ్ళు మండింది. నా జీతంతో కొనుక్కున్న కారు, ఈయన బీరువాలో పెట్టడమేమిటి! కానీ ఆయన మాటలో నిజం లేకపోలేదు. ఆ చప్పుడు ఇంజను పక్కన తిరిగే బెల్టుది, అది తెగితే బ్యాటరీకి చార్జింగ్ ఉండదు. ఇంజన్లో నీళ్ళు తిరగవు, ఉడికిపోతుంది. మెకానిక్ జాకబ్‌కి ఫోన్ చేశాను.

"బెల్టు మార్చేద్దామండీ. బుధవారం తీసుకురండి."

"మార్చడం సరేనయ్యా. శుక్రవారమే ఎందుకు అరుస్తోంది?"

"అదేటో తెలీదండీ."

నాకూ తెలియదు. తెలుసుకోకుండా కొత్త బెల్టు వేయిస్తే అది మాత్రం శుక్రవారం ఊరుకుంటుందని నమ్మకమేమిటి?

ఆదివారం పొద్దున్నే కొంగు దోపుకుని, జడ ముడేసుకుని బానెట్ ఎత్తాను. ఆయన అరుగు మీద కూర్చుని పేపరు అడ్డం పెట్టుకున్నారు. ఇంజను స్టార్ట్ చేశాను. కిచకిచ మొదలైంది. ఏసీ వేశాను, లైట్లన్నీ వేశాను. బెల్టు వదులుగా ఉంటే మోసే బరువు పెరిగిన కొద్దీ జారి గట్టిగా అరవాలి. చప్పుడు ఉన్నంతే ఉంది. సరే, వదులు కాదేమో.

ఇస్త్రీ చేసేటప్పుడు నీళ్ళు చిమ్మే సీసా తెచ్చాను. దూరంగా నిలబడి, తిరుగుతున్న బెల్టు మీద సన్నగా చిమ్మాను. టక్కున నోరు మూసుకుంది.

"పోయిందా?" అన్నారాయన పేపరు దించి.

పోలేదు. తడి ఆరగానే మళ్ళీ అందుకుంది. ఆయన పేపరు పైకెత్తారు గానీ, "నేను చెప్పానా" అని మాత్రం అనలేదు. అననందుకే నాకు ఆశ్చర్యం.

బెల్టు వదులైతే తడికి ఇంకా జారి గోల పెంచేది. తడికి ఊరుకుని ఆరాక అరిచిందంటే, అది చుట్టుకుని తిరిగే చక్రం, పుల్లీ, అన్నా వంకరపోయి ఉండాలి, పుల్లీ గాడుల్లో ఏదన్నా పేరుకుని ఉండాలి. వంకరపోయిన పుల్లీ గురువారానికల్లా దానంతటదే సరి కాదు కదా! అంటే గాడుల్లో ఏదో చేరుతోంది. వారమంతా తిరిగి తిరిగి అరిగిపోతోంది. శుక్రవారానికి మళ్ళీ చేరుతోంది. చేపల చెరువుల దగ్గర మట్టి లారీల వెనకపడి వస్తాను, ఆ దుమ్మేమో అనుకున్నాను. లారీలకీ శుక్రవారానికీ ఏం సంబంధం? నాకు పట్టుదల పెరిగిపోయింది. కాఫీ కూడా వద్దనిపించింది.

ఇంజను ఆపి, తాళం తీసి బొడ్లో దోపుకున్నాను. చల్లారాక టార్చి వేసి చూశాను. బెల్టుకి పగుళ్ళు లేవు, అంచులు చీలలేదు. పుల్లీ గాడుల్లో మాత్రం మాసిన పసుపు రంగులో ఏదో గట్టిపడి ఉంది. తుప్పనుకున్నాను. చీపురుపుల్లతో గీకి, వేలికి అద్దుకుని వాసన చూశాను.

గంధం.

టార్చి పక్కకి తిప్పాను. ఒక్కదానికి కాదు, ప్రతి పుల్లీకీ ఉంది. కొన్నిటికి నడుమ కుంకుమబొట్టు కూడా ఉంది.

"ఏవండీ, ఇలా రండి."

వచ్చారు. నా వేలు చూశారు. తల గోక్కున్నారు.

"శుక్రవారం నువ్వు స్నానానికెళ్ళినప్పుడు పెడుతున్నాను."

"బొట్టు పెట్టడానికి స్టీరింగ్ ఉంది, ముందద్దం ఉంది. ఇక్కడేమిటండీ!"

"అవైతే నీకు కనపడతాయి. నవ్వుతావు. దసరానాడు బానెట్ ఎత్తి చూశాను. లోపల ఇన్ని తిరిగే చక్రాలున్నాయి. కొల్లేటి మధ్యలో వీటిల్లో ఏది ఆగిపోతుందో నాకేం తెలుసు? అన్నిటికీ పెట్టాను. ఆ తర్వాతే చప్పుడు మొదలైంది. భయమేసింది. పైవారం ఇంకాస్త దట్టంగా పెట్టాను."

"దట్టంగా పెడితే చప్పుడు పెరిగింది."

"పెరిగింది. అందుకని ఇంకా దట్టంగా పెట్టాను."

తిట్టాలనే నోరు తెరిచాను. నవ్వొచ్చేసింది. నవ్వుతుంటేనే కళ్ళు చెమర్చాయి. క్లచ్ అనీ ఎలక అనీ రోజూ నన్ను దెప్పిన మనిషి, నా కన్నుగప్పి, వేలు పట్టని సందుల్లోకి పుల్లతో గంధం అద్దుతున్నారు! అరవై దాటిన మొగుడు ముద్దొస్తారని నేనెప్పుడూ అనుకోలేదు.

పాత టూత్‌బ్రష్‌తో గాడులన్నీ తోమి, పొడిగుడ్డతో తుడిచి స్టార్ట్ చేశాను. కిచకిచ లేదు. ఆయన వంగి చెవి పెట్టి విన్నారు.

"ఈ ఒక్క పట్టాయేనా అన్నిటినీ తిప్పేది?"

"ఒక్కటే. దానికి గంధం పడదు."

సోమవారం పొద్దున్న కారెక్కి కూర్చున్నాను. తాళం మాట ఇద్దరం ఎత్తలేదు. ఆయన గంధం గిన్నె పట్టుకుని కారు పక్కన నిలబడ్డారు.

"మరి ఎక్కడ పెట్టమంటావు?"

"బానెట్ పైన పెట్టండి, డాష్‌బోర్డు మీద పెట్టండి. లోపల తిరిగేవాటి జోలికి మాత్రం వెళ్ళకండి."

"తిరగనిదానికి పెట్టి ఏం లాభం?" అన్నారు. ఎగతాళి కాదు, నిజంగానే అడిగారు.

కిటికీలోంచి కుడిచెయ్యి బయటికి చాచాను.

"స్టీరింగ్ తిప్పేది ఇదేనండి. దీనికి పెట్టండి."

మణికట్టు మీద పెట్టారు, దట్టంగా. అది ఆరేదాకా ఆగి అప్పుడు బండి తీశాను. స్కూలుకి ఆలస్యమైంది.