పెట్టెలో అర్ధరాత్రి

చంటికి నలభై దాటాయి, చెవుల దగ్గర జుట్టు నెరిసింది, అయినా ఇంట్లో అందరికీ అతను చంటే. ఆ పేరు పెట్టింది అన్న, నిలబెట్టింది వదిన. ఫోన్ల పని నేర్చుకుని ఊరికే తిరుగుతున్న రోజుల్లో, తాను ఆపరేటరుగా ఉన్న పిల్లల ఆసుపత్రి మేనేజరు చుట్టూ తిరిగి, అక్కడి ఫోన్లు చూసుకునే పని అతనికి ఇప్పించింది కూడా ఆవిడే. "మా మరిది చెయ్యి పెడితే చచ్చిన ఫోను లేచి కూచుంటుంది" అని ఆవిడ చెప్పుకునే గొప్పలు అక్కడి ఆయాలకు కూడా కంఠతా వచ్చు.

ఒక సాయంత్రం ఆసుపత్రి ఫోన్లన్నీ ఒక్కసారిగా మూగబోయాయని కబురొచ్చింది. చంటి వెళ్ళి చూశాడు. మెట్ల కింది గదిలో గోడకు బిగించిన, ఫోన్లన్నిటినీ కలిపే పెద్ద పెట్టెలో దీపాలు వెలుగుతున్నాయి గాని ఉలుకూ పలుకూ లేదు. మీట నొక్కి ఆపి, కాసేపు ఆగి, మళ్ళీ వేశాడు. పచ్చ దీపాలు ఒక్కొక్కటే మిణుకుమన్నాయి. పక్క గదిలోంచి చేసి చూస్తే వదిన బల్ల మీది ఫోను మోగింది.

ఇంకో పని మిగిలింది. లోపలి బ్యాటరీ పాతబడితే, ఆపి వేసినప్పుడల్లా పెట్టె గడియారం సున్నాకు పోతుంది. ఆపరేటరు ఫోను నుంచి అంకెలు నొక్కి తేదీ, టైము సరిచేయాలి. రెండు నిమిషాల పని. కానీ ఇంకో ఆఫీసువాళ్ళు అప్పటికే ప్రాణం తోడేస్తున్నారు. రేపు చూద్దాంలే అనుకుని సంచీ సర్దుకున్నాడు. రేపు కాస్తా ఎల్లుండి అయింది, ఆ తర్వాత ఆ సంగతే మనసులోంచి జారిపోయింది.

వారం తిరగకుండానే వదిన మీద ఫిర్యాదులు మొదలయ్యాయి. పొద్దున బాగానే పలుకుతుందట, మధ్యాహ్నం భోజనాలయ్యాక ఎన్నిసార్లు చేసినా ఎత్తదట. "కునుకు తీస్తున్నారా అమ్మా?" అని మేనేజరు నవ్వుతూనే అడిగాడు. "మోగితే కదండీ ఎత్తేది," అంది వదిన. మేనేజరు తన గదిలోంచి ఆవిడకు ఫోన్ చేసి చూశాడు. నిక్షేపంలా మోగింది.

ఆ తర్వాత ఒక తల్లి వచ్చింది. జ్వరంలో పిల్లాడికి ఫిట్స్ వస్తే ఏం చెయ్యాలో అడగడానికి ఫోన్ చేసీ చేసీ, చివరికి దారిన పోయే కారు ఆపి తీసుకొచ్చింది. పిల్లాడు దక్కాడు. వాడు కుదుటపడ్డాక ఆమె నేరుగా వదిన బల్ల దగ్గరకు వచ్చి, "నీకు పిల్లలున్నారా?" అని మొదలుపెట్టి నలుగురిలో కడిగేసింది.

భోజనాల దగ్గర వదిన ఇదంతా చెబుతుంటే చంటి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. లెక్క కట్టడానికి క్షణం పట్టలేదు. సాయంత్రం ఐదింటికి లేచిన పెట్టెకు అది అర్ధరాత్రి. అంటే ఏడు గంటలు ముందు నడుస్తోంది. రాత్రి ఎనిమిది దాటితే బయటి ఫోన్లు వదిన బల్లకు కాకుండా మేడ మీద రాత్రి నర్సు గదికి వెళ్ళేలా తనే అమర్చాడు. మధ్యాహ్నం ఒంటిగంటకే పెట్టెకు రాత్రయిపోతోంది. పగలంతా తాళం వేసి ఉండే ఆ గదిలో ఫోను మోగి మోగి ఊరుకుంటోంది. లోపలి నుంచి లోపలికి చేసుకునే ఫోన్లకు ఈ లెక్క లేదు, అందుకే మేనేజరు చేస్తే మోగింది.

మర్నాడు పొద్దున్నే వెళ్ళి, వదిన మంచినీళ్ళకు లేచిన సందు చూసి, ఆవిడ ఫోనులోనే అంకెలు నొక్కి టైము సరిచేశాడు. బ్యాటరీ మార్చాడు. పెట్టె మూత బిగిస్తుంటే వదిన వచ్చి వెనక నిలబడింది.

"ఏమైనా తేడా ఉందా చంటీ?"

నోటిదాకా వచ్చింది. "ఏం లేదు వదినా. అంతా బాగానే ఉంది," అన్నాడు.

ఆవిడ కాసేపు ఆ పెట్టెనే చూసింది. "అయితే నా చెవులే అన్నమాట," అంది.

ఆ మాట వస్తుందని అతను అనుకోలేదు. అక్కడే నోరు విప్పి ఉంటే సరిపోయేది. విప్పలేదు.

ఆ రోజు నుంచి మధ్యాహ్నాలు ఫోను మోగింది, ఆవిడ ఎత్తింది. చీవాట్లు పడ్డాక ఒళ్ళు దగ్గర పెట్టుకుందని అందరూ అనుకున్నారు. ఆవిడ మాత్రం చెవుల్లో చుక్కలు వేసుకుంది. ఇంట్లో టీవీ గొంతు పెంచింది. అన్న మాట్లాడుతుంటే పెదాల వంక చూడటం మొదలుపెట్టింది. చెవుల డాక్టరు పరీక్ష చేసి లోపమేమీ లేదంటే, "అంత నిశ్శబ్దంలో గోడకైనా వినిపిస్తుంది," అని కొట్టిపారేసింది. చంటికి తిన్నది ఒంటికి పట్టడం లేదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, వదిన "ఆఁ?" అని అడిగినప్పుడల్లా ఉలిక్కిపడేవాడు.

చివరికి ఆవిడ పని మానేస్తానని మేనేజరుకు చెప్పేసింది. "ఇంకో పసివాడి ప్రాణం మీదికి తెచ్చేదాకా కూర్చోలేను" అందట. ఆ సంగతి అన్న చెప్పగానే చంటి ఉన్నపళంగా ఆసుపత్రికి వెళ్ళాడు. మేనేజరు కూడా బల్ల దగ్గరే ఉన్నాడు.

"వదినా, నీ చెవులు బాగానే ఉన్నాయి," అన్నాడు చంటి. తర్వాత గడియారం, ఏడు గంటలు, మేడ మీది గది, అన్నీ కలగాపులగంగా చెప్పాడు. మేనేజరుకు రెండోసారికి గాని అర్థం కాలేదు. వదినకు మొదటిసారే అర్థమైంది.

ముందు ఆవిడ మొహం విప్పారింది. కుడి చెవిని చేత్తో తాకి చూసుకుంది. ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు.

"టైము పెట్టడం మరిచిపోయావు. సరే, మనుషులన్నాక మరిచిపోతారు. కానీ నీ వెనక నిలబడి అడిగాను కదా."

"అడిగావు."

"బాగానే ఉందన్నావు."

అతను తల దించుకున్నాడు.

"నిన్ను నమ్మి నా చెవుల్ని కాదనుకున్నాను చంటీ."

మేనేజరు ఏదో అనబోతే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది. వార్డులో అడిగి ఆ తల్లి నంబరు తెప్పించి, ఫోను అతని వైపు తిప్పింది. "ఆమెకి నువ్వే చెప్పు."

చెప్పాడు. అటువైపు వెనక పిల్లాడు గిన్నె మీద దేనితోనో కొడుతున్న చప్పుడు వినిపిస్తోంది. "నా బిడ్డకేమన్నా అయ్యుంటే..." అని ఆమె ఆగిపోయింది. తర్వాత, "ఆవిడ ఉన్నారా అక్కడ? ఇవ్వండి," అంది.

వదిన ఫోను తీసుకుంది. "పర్లేదమ్మా" అని ఒకసారి, "బాబు ఎలా ఉన్నాడు?" అని ఒకసారి అంది. మాట్లాడుతున్నంతసేపూ కళ్ళ నీళ్ళు కారుతూనే ఉన్నాయి, తుడుచుకోలేదు.

ఆసుపత్రి పని వేరేవాళ్ళకు ఇచ్చారు. అది న్యాయమేనని చంటికి తెలుసు. వదిన తన కుర్చీలోనే ఉంది. ఇంట్లో అతనికి వడ్డించడం మానలేదు, అడిగినదానికి జవాబు చెప్పడమూ మానలేదు. కానీ అతను ఏ చిన్న సంగతి చెప్పినా, ఆవిడ అన్న వైపు తిరిగి "నిజమేనా?" అని అడుగుతుంది. అన్న అవునన్నాకే నమ్ముతుంది. ఆ అవును వినిపించేదాకా చంటి తల ఎత్తడు.