సీటు మీద మినుముల బస్తా

రాఘవేంద్రన్ నాకు మేనల్లుడి వరస. కోవిల్‌పట్టికి తూర్పున మా ఊళ్ళో అతనికున్నంత నల్లరేగడి ఇంకెవరికీ లేదు. ఆ రేగడిలో అతని చెప్పు దిగబడగా చూసినవాళ్ళూ లేరు. పొలం ఎట్లా ఉందని ఎవరైనా అడిగితే ఫోను తీసి, ఆకాశం నుంచి తీసిన బొమ్మ చూపిస్తాడు. అందులో పచ్చగా కనిపించేది పైరో సీమతుమ్మో చెప్పలేడు.

అలాంటివాడు నాలుగు చక్రాల బైకు కొన్నాడు. ఏటీవీ అంటారు. లావు టైర్లు, ఒక్కడు కూర్చునే సీటు. అది దున్నదు, మోయదు, లాగదు. మట్టిగుట్టలెక్కి దూకడానికే చేసిన బండి. విరుదునగర్ పక్కన బీడు భూమిలో ఇలాంటి బళ్ళ క్లబ్బు ఒకటుంది. ఏటా ఎండలు మొదలయ్యే పంగుణి నెలలో పందెం పెడతారు. పోయినేడు మావాడు చివరినుంచి రెండోవాడుగా వచ్చాడు. చివరివాడి బండి చైను తెగింది. ఇంటికి వచ్చి, తప్పు తనది కాదనీ బండి వెనక షాక్ అబ్సార్బర్‌దనీ తేల్చాడు. ఈ ఏడు విదేశం నుంచి కొత్త షాకు తెప్పించాడు. పెట్టెలోంచి తీసి ఊళ్ళో నలుగురికీ చూపించాడు, పసిబిడ్డను చూపించినట్టు రెండు చేతుల మీద పెట్టుకుని.

దాన్ని బిగించే పని కుమారవేల్‌కు ఇచ్చాడు. కుమారవేల్ మనవాడే, ఇంట్లో తెలుగే. ఎనిమిదేళ్ళు తూత్తుకుడి హార్బరులో కంటెయినర్ లారీల కింద పడుకుని పని నేర్చి, పెళ్ళాం బిడ్డల దగ్గర ఉండాలని కోవిల్‌పట్టి బైపాసు మీద చిన్న షెడ్డు వేశాడు. షెడ్డు సరిగా నడవడం లేదు. క్లబ్బు పెద్ద ఉదయకుమార్ అతనితో ఒక మాట అన్నాడు. పందెంలో ఈ బండి ఎట్లా పోతుందో చూస్తాను, బాగుంటే క్లబ్బులో పద్నాలుగు బళ్ళూ నీ షెడ్డుకే వస్తాయి అని. రాకపోతే షెడ్డు మూసి మళ్ళీ తూత్తుకుడి పోవాల్సిందే. ఈ సంగతి షెడ్డు ముందు టీ తాగే ప్రతివాడికీ తెలుసు.

ఆ రోజు నేను విరిగిన కల్టివేటరు ముక్క అతికించుకోవడానికి షెడ్డుకు పోయాను. కుమారవేల్ బండిని స్టాండు మీదికెత్తి పాత షాకు ఊడదీశాడు. అది కూర్చునే కీలులో గ్రీజు ఎండి పెళుసుబారి ఉంది. ఎవరూ అడగకపోయినా బేరింగులు విప్పి కిరసనాయిలులో కడిగి, కొత్త గ్రీజు వేలితో నింపాడు. కొత్త షాకుకు పక్కనే గ్యాసు డబ్బా ఒకటి, చిన్న గొట్టంతో. ఆ గొట్టం టైరుకు రాసుకోకుండా మూడు చోట్ల కట్టాడు. నిదానంగా, మళ్ళీ మళ్ళీ చూసుకుంటూ చేసే చెయ్యి. అప్పుడు రాఘవేంద్రన్ వచ్చాడు, ఎండలో కూడా ఇస్త్రీ నలగని చొక్కాతో.

కుమారవేల్ టేపు పట్టుకున్నాడు. స్ప్రింగు చుట్టూ మరలున్న రింగు ఉంటుంది. అది బిగిస్తే స్ప్రింగు నొక్కుకుని బండి తోక పైకి లేస్తుంది, వదిలిస్తే దిగుతుంది. తోలేవాడు కూర్చున్నప్పుడు తోక మూడుంబావు అంగుళాలు దిగాలి. తక్కువ దిగితే గుంతలో బండి ఎగిరి తంతుంది, ఎక్కువ దిగితే కింద కొట్టుకుంటుంది. అందుకే తోలేవాడి బరువుకు సరిగా బిగించాలి. ఇదంతా చెప్పి, హెల్మెట్టూ బూట్లూ వేసుకుని అరనిమిషం కూర్చోమన్నాడు.

"పూజ కాకుండా ఎట్ల కూచునేది?" అన్నాడు రాఘవేంద్రన్. "ఆదివారం తెల్లారి అయ్యనార్ గుళ్ళో పూజ. అందాక ఎవురూ కూచోకూడదు. నువ్వు గాని కూచునేవు, జాగర్త."

మా ఇళ్ళలో అది ఉన్నమాటే. కొత్త బండి కులదైవం ముందు నిమ్మకాయలు తొక్కేదాకా యజమాని ఎక్కడు. నా ట్రాక్టరుకూ అట్లాగే చేశాం. కానీ అది కొత్త బండికి. స్ప్రింగు మార్చినప్పుడల్లా పూజ చేస్తే పూజారికి అన్నం తినడానికి పొద్దు చాలదు. వీళ్ళమ్మ చిన్నతాయి, నాకు చెల్లెలి వరస, జోస్యుణ్ణి అడిగిందట. వెన్నెముక మార్చిన బండి కొత్త పుట్టుక పుట్టినట్టే అన్నాడట ఆయన. ఆదివారమే పందెం. అంటే పూజ అయిన మూడు గంటలకు దూకాలి.

మరి బరువు ఎట్లా అని కుమారవేల్ అడిగాడు.

"నేను ఒక మూట బరువుంటా. మా ఇంట్లోంచి తెప్పిస్తా, దాన్ని పెట్టి చూసుకో."

ఫోను చేశాడు. గంటలో లోడ్ ఆటోలో మినుముల బస్తా వచ్చింది. ఇద్దరు మనుషులు నాలుగు చెవులూ పట్టి, ఊపిరి బిగబట్టి సీటు మీదికెత్తారు. మూతి దాకా నింపి కుట్టిన బస్తా. మండీకి పోయేది అట్లాగే కుడతారు, అది నూరు కిలోలు. ఒక్కసారి వీపున మోసినవాడికి ఆ కుట్టు చూస్తే చాలు, తరాజు అక్కర్లేదు. రాఘవేంద్రన్ ఎముకలూ బూట్లూ హెల్మెట్టూ కలిపినా డెబ్బై దాటడు.

"ఎంత ఉంటాది అన్నా ఈ మూట?" అన్నాడు కుమారవేల్.

"డెబ్బై. మా మూట నాకు తెలీదా?"

పొలం ఉన్నవాడి మాట కదా. కుమారవేల్ బస్తాకు తాడు కట్టి, మూడుంబావు అంగుళాలు వచ్చేదాకా రింగు బిగించుకుంటూ పోయాడు. తర్వాత నా ముక్క అతికించి ఇచ్చాడు. తీసుకుని వచ్చేశాను. నన్ను అడిగినవాళ్ళు ఎవరూ లేరు.

ఆదివారం తెల్లారి బండిని లోడ్ ఆటోలో గుడికి తెచ్చారు, నేల మీద టైరు తిరగకుండా. హ్యాండిలుకు పూలదండ, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. రాఘవేంద్రన్ రంగురంగుల కవచం తొడిగి, పెద్ద హెల్మెట్టు చంకలో పెట్టుకుని, పూజారి ముందు వంగలేక నిలబడి విభూతి పెట్టించుకున్నాడు. నిమ్మకాయలు తొక్కించి ఇరవై అడుగులు తోలాడు. ఫోనుతో వీడియో తీస్తున్న అతని పెళ్ళాం సుగన్య, వెనకవైపు పైకి లేచినట్టుందే అంది. ఆ పిల్లకు కళ్ళున్నాయి.

"రేసు బండి అట్లనే ఉండాల" అన్నాడు.

చిన్నతాయి పిలిచిందని నేనూ వాళ్ళ కారెక్కాను. విరుదునగర్ చేరేసరికి ఎండ ముదిరింది. క్లబ్బువాళ్ళు షామియానా వేసి, పందెం దారి పొడుగునా తాడు కట్టి, మైకు పెట్టారు. కుమారవేల్ లోడ్ ఆటోలో బండి వెంటే వచ్చి, పనిముట్ల పెట్టె పక్కన పెట్టుకుని తాడు అవతల నిలబడ్డాడు. ఉతికిన చొక్కా వేసుకొచ్చాడు.

పందెం మొదలైంది. మొదటి గుట్ట మీద మావాడి బండి వెనకభాగం ఒకసారి ఎగిరిపడింది. అదేదో విన్యాసం అనుకుని చిన్నతాయి చప్పట్లు కొట్టింది. తర్వాత వరసగా చిన్నచిన్న గుట్టలున్నాయి. ఒకటో దానికి తోక లేచింది, రెండోదానికి ఇంకా లేచింది, మూడోదానికి ముక్కుతాడు తెంచుకున్న కోడె తన్నినట్టు తన్నింది. రాఘవేంద్రన్ హ్యాండిలు మీదుగా పోయి సీమతుమ్మ పొదలో పడ్డాడు. బండి మాత్రం పడలేదు. కొంచెం దూరం తనే పోయి ఆగింది.

ఎముకలేమీ విరగలేదు. ముళ్ళు తీయించుకుంటూనే మైకు అందుకున్నాడు. తనకు అనుభవం ఉందనీ, కోవిల్‌పట్టిలో ఒక పని రానివాడికి నమ్మి ఇచ్చినందుకు ప్రాణం పోవాల్సిందనీ, ఎవరూ ఆ షెడ్డు గడప తొక్కవద్దనీ చెప్పాడు. ఇంటి పేరుతో సహా చెప్పాడు. పద్నాలుగు బళ్ళవాళ్ళూ అక్కడే ఉన్నారు.

కుమారవేల్ బండి దగ్గరికి పోయి తోకను రెండుసార్లు చేత్తో నొక్కి చూశాడు. షాకులో లోపం కనపడలేదు. అక్కడే నిలబడి తలగోక్కున్నాడు. ఉదయకుమార్ అతని దగ్గరికి వచ్చాడు. కోపం లేదు, గొంతు కూడా పెంచలేదు.

"సరి తమ్ముడూ. పెట్టె తీసుకోని పో."

కుమారవేల్ వంగి పెట్టె మూత వేశాడు. అప్పుడు నేను తాడు దాటాను.

"పోవద్దు. టేపు తియ్" అన్నాను.

రాఘవేంద్రన్‌ను ఎక్కి కూర్చోమన్నాను. నడుము నొప్పన్నాడు, వేళ మంచిది కాదన్నాడు. పంచె ఎగగట్టి నేనే ఎక్కాను. రేషను కొట్టు తరాజు మీద పోయిన వారం నిలబడ్డాను, అరవై ఎనిమిది. అదే చెప్పి, టేపును ఉదయకుమార్‌నే చదవమన్నాను. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని చదివాడు. అంగుళమున్నర దిగింది. నన్ను దింపి మళ్ళీ ఎక్కించి మళ్ళీ చదివాడు. అంగుళమున్నరే.

"ఎవుర్ని కూచోబెట్టి కట్టినావు దీన్ని?"

"మూటను" అన్నాడు కుమారవేల్. "పూజ కాలేదని అన్న కూచోలేదు. డెబ్బై కిలో మూట అని చెప్పినాడు."

"అది మండీకి కుట్టిన మినుముల మూట. నూరు కిలో" అన్నాను.

రాఘవేంద్రన్ నా వైపు చూశాడు. నిజంగానే అడిగాడు, తగవు కోసం కాదు.

"మూటంటే నూరా మామా?"

షామియానా కింద ఉన్నవాళ్ళలో సగం మంది పొలాలున్నవాళ్ళే. ఒకడు నవ్వు మొదలుపెట్టాడు, అది వరసంతా పోయింది. సుగన్య వీడియో ఆపి ఫోను సంచిలో వేసుకుంది. చిన్నతాయి మాత్రం, పిల్లవాడికి మూటలెత్తే ఖర్మ ఏమిటని పక్కావిడతో అంటోంది.

కుమారవేల్ కొక్కెం పానాతో రింగు వదిలించాడు. నేను సీటు మీదే ఉన్నాను. మూడుంబావు అంగుళాలు వచ్చాక నన్ను దింపి, ఉదయకుమార్ చెబితే కుమారవేల్ తనే తోలాడు. అతనిదీ మా బరువే. అవే గుట్టల మీద బండి నీళ్ళ మీద పోయినట్టు పోయింది. తోక లేవలేదు.

"రేపటినుంచి రెండు రెండు బళ్ళు పంపిస్తా" అన్నాడు ఉదయకుమార్. "మా వాళ్ళు ఎంత మొత్తుకున్నా మనిషిని కూచోబెట్టకుండా రింగు ముట్టవద్దు."

కుమారవేల్ తలూపాడు. పానాలు ఒక్కొక్కటే తుడిచి పెట్టెలో సర్దుతూ, తల ఎత్తకుండా అడిగాడు.

"ఆపొద్దు షెడ్డులో మీరూ ఉంటిరి గద పెద్దయ్యా."

"ఉంటి."

"మూట చూస్తానే తెలిసిందా?"

"తెలిసింది."

"ఆయనకు తెలీదు, సరి. మీకేమి వచ్చింది, ఒక మాట చెప్పేదానికి?"

చిన్నతాయి పిలిచిందని కారెక్కలేదు నేను. వాడు పడటం చూడాలని ఎక్కాను. వాడి కింద పడి ఎవరి షెడ్డు నలుగుతుందో ఆలోచించలేదు. అతను జవాబు కోసం చూడలేదు. పెట్టె లోడ్ ఆటోలో పెట్టి డ్రైవరు పక్కన కూర్చున్నాడు. అక్కడ ఇంకొకరికి చోటుంది. ఆటో కదిలింది.

నేను కారులో మేనల్లుడి పక్కన కూర్చుని వచ్చాను. సాత్తూరు దాటేదాకా అతను, నిమ్మకాయలు నాలుగు కాకుండా తొమ్మిది పెట్టి ఉండాల్సిందని చెబుతూనే ఉన్నాడు. నేను వింటూ కూర్చున్నాను.