పక్క బాయి గంట

పడవ పోటీల్లో నా పని అరవడం. నలుగురు ఆడవాళ్లు తెడ్లు వేస్తుంటే పడవ చివర ముడుచుకుని కూర్చుని, చుక్కాని తాడు పట్టుకుని, దారి చూస్తూ వాళ్ల ప్రాణం తీయడం. దాన్ని కాక్స్ అంటారు. మనిషి పొట్టిగా, తేలిగ్గా ఉండాలి, నోరు మాత్రం పెద్దదై ఉండాలి. క్లబ్బు పెట్టినప్పుడు ఎల్లస్వామి అన్న కాలనీ అంతా కలియజూసి, చివరికి నా టైలరింగ్ షాపు ముందుకొచ్చి నిలబడ్డాడు. అది గౌరవమో వెక్కిరింతో నాకిప్పటికీ తెలియదు. మా ఆయన మాత్రం, హైమా, ఇన్నాళ్లకు నీ నోటికి తగ్గ పని దొరికింది, ఇక మా చెవులకు సెలవు అన్నాడు. ఆ పూట ఆయనకు చద్దన్నమే పెట్టాను.

మాది కొత్తగూడెం దాటాక అడవి అంచున ఉన్న బొగ్గుబాయి కాలనీ. గనిని మా దగ్గర బాయి అనే అంటారు. కాలనీ వెనక టేకు అడవి, అందులో జీలుగువాగు ప్రాజెక్టు చెరువు. ఎల్లస్వామి అన్న బాయిలో చేరకముందు మిలటరీలో ఉండేవాడు, అక్కడ రోయింగ్ నేర్చుకున్నాడట. రిటైరయ్యాక ఖాళీగా కూర్చోలేక ఎక్కడెక్కడో తిరిగి ఒక పాత పడవ తెచ్చాడు. కాలనీ నుంచి కొందరం, చెరువు అవతలి కోయగూడెం నుంచి కొందరు చేరారు. గూడెం ఆదెమ్మ చిన్నప్పటి నుంచి దోనె మీద చేపలు పట్టిన మనిషి. ఈ పడవలో పోయే దిక్కుకు వీపు పెట్టి కూర్చోవాలంటే ఆమె పడీ పడీ నవ్వింది. ఎటు పోతున్నామో చూడకుండా పోవడం ఏం పోవడం అంది. నిజమే, ఈ ఆటలో తెడ్డు వేసేవాళ్లకు ముందేముందో కనబడదు. కనబడేది నా ఒక్కదానికే. వాళ్లు నా నోటిని నమ్ముకుని లాగాలి.

నాకు ఎదురుగా, మోకాళ్లు తగిలేంత దగ్గరగా కూర్చునేది యశోద. ఆమె తెడ్డు ఎలా పడితే వెనక ముగ్గురి తెడ్లూ అలాగే పడాలి. ఆమె ఆగితే పడవ ఆగుతుంది. యశోద బాయిలో హాలేజి ఆపరేటరు. తండ్రి అన్‌ఫిట్ అయితే ఆ ఉద్యోగం ఈమెకు వచ్చింది. బాయి పైన ఒక గదిలో కూర్చుని మోటారు నడిపిస్తే, ఇనుప తాడు తిరిగి లోపలి బొగ్గు టబ్బులను పైకి లాగుతుంది. ఎప్పుడు లాగాలో, ఎప్పుడు ఆపాలో లోపలివాళ్లు తీగ గుంజి గంటతో చెబుతారు. మాట తక్కువ పిల్ల, నాతో పోలిస్తే మరీ తక్కువ. కానీ ఆమె లాగుతుంటే పడవ కింద నీళ్లు వేరే తీరుగా పలికేవి. అంత మంచి చేయి నేను చూడలేదు.

వానాకాలంలో మొదటి పోటీకి హైదరాబాదు పోయాం, హుస్సేన్‌సాగర్ మీద. అన్ని పడవలూ తళతళలాడుతుంటే మాది ఒక్కటే రంగు పోయి చూపరులకు జాలి పుట్టించేలా ఉంది. అయినా సగం దూరానికే మేం రెండో స్థానంలో ఉన్నాం. నా గొంతు బొంగురుపోయింది. ముగింపు గీత ఎదురుగా కనబడుతోంది. అంతలో ముందున్న పడవ గీత దాటింది, ఒడ్డు మీదివాళ్లు దానికోసం హారన్ కొట్టారు, పామ్మని ఒక్కసారి. యశోద తెడ్డు టక్కున ఆగిపోయింది. వెనక ముగ్గురూ ఆగారు. గీత ఇంకా నాలుగైదు పడవల దూరం ఉంది. లాగండే అని నేను నెత్తీ నోరూ కొట్టుకునేలోపు మిగతా పడవలన్నీ మమ్మల్ని దాటిపోయాయి. అందరికంటే ఆఖరున చేరాం.

ఒడ్డుకు వచ్చాక నేను ఏమేం తిట్టానో ఇక్కడ రాయలేను. కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది. అన్నీ విని యశోద నెమ్మదిగా చెప్పింది. బాయిలో ఒక్క గంట అంటే ఆపు అని అర్థం. మిగతా లెక్కలు వేరే ఉన్నాయి, ఒక్కటి మోగితే మాత్రం ఆపాలి, ఆలోచించకూడదు. లోపల టబ్బు పట్టాలు తప్పి ఉండొచ్చు, మనిషే అడ్డం పడి ఉండొచ్చు. హారన్ ఒక్కసారి మోగింది, చేయి ఆగింది, తనకు తెలిసేలోపే ఆగింది అంది. ఎల్లస్వామి అన్న తల పట్టుకుని, దేశం మొత్తం మీద ఇట్లా ఓడిపోయిన పడవ మనదొక్కటే అయ్యుంటుంది అన్నాడు.

సరే, అలవాటును అలవాటుతోనే తీయాలి అనుకున్నాను. మా ఆయన ఆటో హారన్ ఊడబెరికి తెచ్చాను. రోజూ పొద్దున ప్రాక్టీసులో ఎల్లస్వామి అన్న గట్టు మీద నిలబడి దాన్ని మోగించడం, యశోద ఆగడం, నేను తిట్టడం. మోగడం, ఆగడం, తిట్టడం. ఆదెమ్మ చేపలన్నీ భయపడి పారిపోయాయని గూడెం అంతా మాకు శాపనార్థాలు పెట్టింది. కానీ మెల్లమెల్లగా యశోద చేయి దారికొచ్చింది. దసరా పోయాక ఇంకో ప్రాజెక్టు మీద జరిగిన రెండో పోటీలో హారన్ మోగినా ఆగలేదు. మూడో స్థానం వచ్చింది. కాలనీలో మమ్మల్ని ట్రాక్టర్ ట్రాలీ ఎక్కించి డప్పులతో తిప్పారు. నేను మెడలో దండ రాత్రిదాకా తీయలేదు.

ఆ తర్వాత వారానికే యశోద ప్రాక్టీసుకు రావడం మానేసింది.

రెండు రోజులు చూశాను, మూడోనాడు కోపంతో ఆమె క్వార్టర్‌కు పోయాను. మెడల్ రాగానే కళ్లు నెత్తికెక్కాయా అని గడపలోనే మొదలుపెట్టాను. చివరి పోటీ మన చెరువు మీదే ఉంది, ఊరి ముందు పరువు తీస్తావా అని కూడా అన్నాను. ఆమె బియ్యం ఏరుతోంది. తల ఎత్తలేదు.

"మొన్న షిఫ్టుల ఒక్క గంట గొట్టిండ్రు అక్కా," అంది. "చెయ్యి ఆగింది. కానీ జర లేటుగ ఆగింది. టబ్బు రెండడుగులు ముందుకువోయింది. ఎవ్వలకేం కాలే. కాలేదని నేను నిద్రవోవాల్నా?"

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అదే చేశాను నేను. ఆ లోపల చీకట్లో తీగ గుంజేవాళ్లలో మా ఆయన తమ్ముడు కూడా ఉన్నాడు. నేను పీట లాక్కుని కూర్చున్నాను. పడవ వదిలేయడం నీకు ఇష్టమేనా అని మాత్రం అడిగాను.

"రోజంత తాడు తిప్పుత. తాడు పోతది, టబ్బులు పోతయి, మనుషులు పోయొస్తరు. నేను కుర్చీల నుంచి కదల. పడవల కూసుంటే నేనే పోతున్న అక్కా. అది ఇడువాల్నంటే ఏడుపొస్తంది." కొంగుతో మొహం తుడుచుకుంది. "కానీ ఇడుస్త. ఈ చెయ్యి పాడుజేసుకుంటే నన్ను నేను మనిషిననుకోను."

ఇంటికి వచ్చేదారిలో నాకు కూడా ఏడుపొచ్చింది, దారిన పోయేవాళ్ల మీద కోపం కూడా వచ్చింది. మర్నాడు చెరువు గట్టు మీద ఎల్లస్వామి అన్న, ఇంక చేసేదేముంది, డిగ్రీ చదివే సరితను ఆ చోట్లో కూర్చోబెడదాం అన్నాడు. సరిత మంచి పిల్లే. అయినా నేను ఒంటికాలి మీద లేచాను. ఆ చోటు యశోదది, ఇంకొకరు కూర్చుంటే నేను పడవ ఎక్కను అన్నాను. మరి హారన్ మోగితే ఎట్లా అన్నాడాయన. నా దగ్గర జవాబు లేదు. జవాబు లేనప్పుడు నేను ఇంకా గట్టిగా అరుస్తాను, అలాగే అరిచాను.

చీర కుచ్చెళ్లు పిండుకుంటూ ఇదంతా వింటున్న ఆదెమ్మ, గంట మోగితే ఆగడంలో తప్పేముందని అడిగింది.

"మా గూడెం ఎడ్లన్నీ అడవిల ఒక్కకాడనే మేస్తయి. ఒక్కో ఇంటి ఎడ్ల మెడకు ఒక్కో తీరు గంట. మా గంట మోగితే నేను లేస్త. పక్కింటోళ్ల గంట మోగితే నేనెందుకు లేస్త?"

చెప్పులు కూడా వేసుకోకుండా కాలనీకి పరుగెత్తాను. యశోద షిఫ్టు దిగి క్యాంటీన్ దగ్గర చాయ్ తాగుతోంది. మీ గది పక్కనే రెండో బాయి హాలేజి గది ఉంది కదా, దాని గంట నీకు వినబడుతుందా అని అడిగాను. ఎందుకు వినబడదు, రోజంతా వినబడుతుంది అంది. అది ఒక్కటి మోగితే ఆపుతావా అన్నాను. ఈమెకు మతి పోయిందా అన్నట్టు చూసింది నన్ను.

"అది పక్క బాయి గంట. దానికి నేనెందుకు ఆపుత?"

ఆమె చేతిలోని చాయ్ గ్లాసు తీసుకుని నేనే తాగేశాను. నాకు అంత సంతోషం వేసింది.

ఆ సాయంత్రమే ఆదెమ్మ ఎద్దు మెడలోని ఇత్తడి గంట విప్పి తెచ్చింది. దాన్ని నా మోకాలి పక్కన పడవకు కట్టాం. మాట ఒక్కటే: ఈ పడవకు గంట ఇదే. మూడు కొడితే మొదలు, ఒక్కటి కొడితే ఆపు. లోకంలో ఇంకేది మోగినా అది పక్క బాయిది. మొదటిరోజు ఎల్లస్వామి అన్న హారన్ మోగిస్తే యశోద చేయి తడబడింది. రెండోరోజు కొంచెం తడబడింది. తర్వాత ఆయన హారన్ మోగించాడు, ఈల వేశాడు, పళ్లెం మీద గరిటెతో బాదాడు, ఆమె చూపు నా మోకాలి దగ్గరి గంట మీంచి కదల్లేదు. నేను ఒక్కటి కొట్టగానే నీళ్లలో రాయిలా నిలిచిపోయేది. ప్రతిరోజూ షిఫ్టు దిగాక నా షాపు ముందు ఆగేది. నేను మిషన్ ఆపి చూసేదాన్ని. బాయిల చెయ్యి ఎంటనే ఆగుతుందక్కా అని చెప్పి పోయేది. అన్ని రోజులూ నా గుండెలో రాయి ఉండేది, ఆ మాట విన్నాక కాస్త కదిలేది.

చలికాలంలో చివరి పోటీ మా జీలుగువాగు మీద జరిగింది. గట్టంతా జనం. గూడెంవాళ్లు ఒకవైపు, కాలనీవాళ్లు ఒకవైపు, బజ్జీల బండ్లు మధ్యన. మొదలయ్యే ముందు ఒక ఆఫీసరు మా పడవలోకి తొంగిచూసి, ఈ గంటేంది, రూల్సులో లేదే అన్నాడు. వద్దని రూల్సులో ఉందా అని అడిగాను. మిగతావాళ్లు తలకు మైకులు, పడవలో స్పీకర్లు కట్టుకుంటే తప్పులేదు గానీ, ఎద్దు మెడలో గంట కట్టుకుంటే తప్పయిందా అన్నాను. ఇంకా చాలా అన్నాను. ఆయన చేతులు జోడించి వెళ్లిపోయాడు.

ఆరు పడవలు. గంట మూడుసార్లు కొట్టాను, బయల్దేరాం. మొదట్లో నాలుగో స్థానం. సగం దూరానికి మూడు. యశోద మొహం నా మొహానికి అంత దగ్గరగా ఉంది, చెమట కళ్లలో పడుతున్నా రెప్ప వేయడం లేదు. ఆదెమ్మ వెనక నుంచి ఒక్కో లాగుకు ఒక్కో మూలుగు మూలుగుతోంది. రెండో పడవ పక్కకు వచ్చాం. నేను తిట్లు ఆపేసి బతిమాలడం మొదలుపెట్టాను, నా తల్లీ, నా బంగారం అని, అటువంటి మాటలు నా నోట్లో ఉన్నాయని నాకే తెలియదు.

అప్పుడు ముందున్న పడవ గీత దాటింది. హారన్ మోగింది, ఒక్కసారి.

యశోద తెడ్డు నీళ్లలో పడింది. మళ్లీ లేచి మళ్లీ పడింది. పక్కనున్న పడవ వెనక్కి జరిగింది, ఇంకాస్త వెనక్కి జరిగింది. మాకోసం రెండో హారన్ మోగింది. గట్టు మీద డప్పులు, ఈలలు. ఎల్లస్వామి అన్న తువ్వాలు గాల్లోకి విసిరి, ఎక్కడ పడిందో కూడా చూడకుండా ఎగురుతున్నాడు. వెనక ముగ్గురూ తెడ్లు వదిలేసి ఒకరి మీద ఒకరు పడి నవ్వుతున్నారు.

నేను ఏడుస్తున్నాను. రెండు చేతులతో మొహం కప్పుకుని చిన్నపిల్లలా ఏడుస్తున్నాను. అందుకే పడవ ఇంకా పోతోందని నాకు చాలాసేపు తెలియలేదు. వేళ్ల సందుల్లోంచి చూస్తే యశోద ఒక్కతే లాగుతోంది. ఒకవైపు తెడ్డే కదా, పడవ వంకరగా తిరిగి తుమ్మ చెట్ల వైపు పోతోంది. గట్టు మీద జనం నవ్వుతున్నారు. ఆమె ఎవరినీ చూడటం లేదు.

"హైమక్కా, గంట గొట్టు," అని వెనక నుంచి ఆదెమ్మ కేకేసింది. "లేకుంటే ఈ పిల్ల మనల్ని మా గూడెం దాక గుంజుకపోతది."

నేను ముక్కు తుడుచుకుని గంట ఒక్కటి కొట్టాను.

యశోద తెడ్డు ఉన్నచోటే నిలిచిపోయింది. పడవ తనంతట తాను కొంచెం సాగి, మెల్లబడి, ఆగింది. ఆమె రొప్పుతోంది. మనం రెండో స్థానమని చెబుదామని నోరు తెరిచాను. ఆమె అడగబోయేది అది కాదని మొహం చూస్తేనే తెలిసింది.

"ఎంటనే ఆగిందా అక్కా, చెయ్యి?"

"ఎంటనే ఆగింది," అన్నాను.

ఆమె తన అరచేతిని తిప్పి ఒకసారి చూసుకుని, అప్పుడు నవ్వింది.